గంటకి గంటే

టేపుని తొందరపెట్టలేం.
రెండు గంటల పెళ్ళిని ఎక్కించాలంటే
రెండు గంటలూ కూర్చోవాల్సిందే.
ఈ మాట రోజుకి నాలుగుసార్లు చెబుతాను
గ్రిమ్స్‌బీలో, ఫ్రీమన్ స్ట్రీట్‌లో,
మారుతాళాలు చేసే కొట్టు వెనకగదిలో.
ఎవరూ నమ్మరు.
ఫోటోలైతే చిటికెలో అయిపోయాయిగా, అంటారు.

మొరీన్ థాక్రే నమ్మింది.
చేపలు తెచ్చుకునే సంచీలోంచి
పదకొండు కేసెట్లు తీసి బల్లమీద పేర్చి
"నాకేం పని, కూర్చుంటాను" అంది.
కోటు విప్పలేదు.

మొదటిదానికి బూజు.
అటకమీద మరిచిపోయిన జాడీలో ఊరగాయకి పట్టేలాంటిదే,
తెల్లగా, చుక్కలు చుక్కలుగా.
దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి
చంటిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచాను.
యంత్రం మింగింది, దగ్గింది.
తెరమీద కాసేపు ఆవాలు చిటపటలాడాయి,
తర్వాత సముద్రం.

క్లీథోర్ప్స్ ఇసుకలో మొరీన్, ముప్పై ఏళ్ళ నడుముతో.
కారవాన్ మెట్లమీద మొరీన్, మొహానికి చెయ్యడ్డం పెట్టుకుని.
గాడిదెక్కిన పాప. గాడిద. మళ్ళీ గాడిద, చాలాసేపు.
"ఆయనకి గాడిదలంటే ఇష్టమా?" అన్నాను.
"ఆపే మీట ఎక్కడుందో ఎప్పుడూ తెలిసేది కాదు" అంది.

ఆయన అంటే కాలిన్. రేవులో చేపలకి ఐసు కొట్టేవాడు.
పది కేసెట్లు చూశాం, ఎక్కడా లేడు.
ఒకచోట అద్దానికి అడ్డం పడ్డ బొటనవేలు, గుమ్మడిపండంత.
ఒకచోట ఇసుకమీద నీడ, భుజాన పెట్టెతో,
కావడి మోసేవాడిలా.
గాలిహోరులో ఊపిరి.
"కొంచెం వెనక్కి, మో, ఇంకొంచెం" అనే గొంతు.
మా పెళ్ళి కేసెట్టు చూసినప్పుడు నాకిది తట్టలేదు.
సాంబారు బకెట్లనే అరగంట తీశాడని
ఆ కుర్రాణ్ణి ఇన్నాళ్ళూ తిట్టుకున్నానే గాని
వాడు తిన్నాడో లేదో అడగలేదు.

పదకొండోది పెడుతుంటే ఆమె కళ్ళజోడు తుడుచుకుంది.
పైన నీలి సిరాతో: జెమ్మా, మొదటి పుట్టినరోజు.
లోపల ఫుట్‌బాల్ మ్యాచ్.
"తెలుసు" అంది. "దానిమీదే ఎక్కించేశాడు.
పొరపాటేలే.
ముప్పై ఏళ్ళు దెప్పాను.
ఆసుపత్రిలో కూడా, ఓసారి."

ఆపేద్దామా అంటే తల అడ్డంగా ఊపింది.
చూశాం. వానలో ఇరవైరెండుమంది,
ఎవరెవరో తెలియని బురద.
టీ పెట్టాను. చల్లారింది.
మనవాళ్ళు, అంటే ఈ ఊరివాళ్ళు, ఓడిపోయారు.
ఎవరో మైకు ముందు ఏదో సర్దిచెప్పుకుంటుండగా
తెర చిరిగింది, అంచున జరీలా గీతలు,
చిరిగినచోట
ఒక గది.

చెరపగా మిగిలిన చివరి కొస.
ఏ బల్లమీదో పెట్టేసి ఆపడం మరిచిన కెమెరా.
పక్కకి ఒరిగిన తివాచీ, సగం గాలి పోయిన బెలూను,
గోధుమరంగు సాక్సుల్లో రెండు పాదాలు,
ఎడమదానికి వేలి దగ్గర చిల్లు.
మోకాళ్ళొచ్చాయి. మనిషొచ్చాడు.
నేలమీద చతికిలబడి
పాప జారవిడిచిన కేకు పొడి వేలికొసతో అద్దుకుని
నోట్లో వేసుకుంటున్నాడు,
ఎవరూ చూడటం లేదనుకుని.
పాప ఆయన చెవి పట్టుకు లాగింది.
నలభైయొక్క సెకన్లు. తర్వాత నీలం.

మొరీన్ ఏమీ అనలేదు.
కాసేపటికి, "ఆ సాక్సులు నేనే పారేశాను" అంది.

పెన్‌డ్రైవ్ ఆమె అరచేతిలో చింతగింజంత.
సంచీలో పోతుందని కోటు లోపలి జేబులో వేసుకుంది.
పాతవి చాలామంది ఇక్కడే వదిలేస్తారు, అన్నాను.
పదీ వదిలేసింది.
పదకొండోదాన్ని సంచీలో పెట్టుకుంటూ
గుమ్మంలో ఆగింది.
"మ్యాచ్ కత్తిరించలేదుగా?
ఆయనకి అది ఇష్టం."

లేదండీ, అన్నాను.
గంటా నలభై నిమిషాలు. వానతో సహా.